మల్లెమొగ్గల కేసులో ముద్దాయి

నా జీవితంలో నేను అరెస్టు చేసింది ఒకే ఒక్క మనిషిని. నేను ఇంతవరకు చేసిన పనులన్నిటిలోకీ పద్ధతిగా, చట్టప్రకారం, పూర్తి ధైర్యంతో చేసిన పని అదే. అందుకే కొంప అంత చక్కగా మునిగింది. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన కాఫీ కంటే ముందు ఆ కథే అందిస్తాడు. ఆయన చెప్పే కథలో నేను మరీ తెలివితక్కువదాన్ని. అంత కాదు. కొంచెం తక్కువ. అందుకే నా వాంగ్మూలం నేనే ఇచ్చుకుంటున్నాను.

ముందు నా అర్హతలు వినండి. పెళ్ళికి ముందు ఐర్లండ్‌లో ఎమ్మెస్సీ చదివాను. అక్కడ చదువుకునే మనవాళ్ళు చాలామంది సాయంత్రాలు దుకాణాల్లో సెక్యూరిటీ గార్డులుగా నిలబడతారు. నేనూ నిలబడ్డాను. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకి శిక్షణ కావాలి. మా శిక్షకుడు పాడ్రిక్ అని, రిటైరైన పోలీసు. అక్కడ పోలీసుల్ని గార్డా అంటారు.

"గార్డాకి ఉన్న అధికారాలు మీకు ఉన్నాయనుకోకండి," అని మొదటిరోజే చెప్పాడు. "గార్డా అనుమానం ఉంటే ఆపుతాడు. పేరూ అడ్రసూ అడుగుతాడు. చెప్పకపోతే పట్టుకెళ్తాడు. మీరు యూనిఫాం తొడుక్కున్న మామూలు మనుషులు."

"అయితే మాకేమీ లేదా?" అని మొదటి బెంచీ నుంచి అడిగింది ఎవరనుకున్నారు?

"ఉంది. సెక్షన్ నాలుగు. ఐదేళ్ళో అంతకు పైనో జైలు పడగల నేరం ఎవరైనా చేస్తూ మీ కంటబడితే, గార్డా వచ్చేలోపు పారిపోతారనిపిస్తే, మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు. వెంటనే గార్డాకి అప్పగించాలి."

"దొంగతనానికి ఎన్నేళ్ళు?"

"పదేళ్ళ దాకా."

"చాక్లెట్ దొంగతనానికైనా?"

"కాగితం మీద, చాక్లెట్‌కైనా. తిరిగిచ్చేద్దామనే తీసుకున్నా సరే, అక్కడ అది దొంగతనమే."

అప్పుడు నాకు కలిగిన ఆనందం మీకు అర్థం కావాలంటే మీరు కూడా చిన్నప్పటినుంచి రబ్బర్లు, జామెట్రీ బాక్సులు పోగొట్టుకుని, "ఇప్పుడే ఇస్తానే" అన్న మొహాలన్నీ గుర్తుపెట్టుకున్న మనిషయి ఉండాలి. పాడ్రిక్ ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ సమయంలో నేను మనసులో పాత దొంగలందరికీ పదేసి ఏళ్ళు వేస్తున్నాను. సరిగ్గా వినలేదు. ఆ మాట తర్వాత వస్తుంది.

ఇంత చదువూ చదివి దుకాణంలో నిలబడితే, ఒకడు ఎర్ర చారల సాక్సుల కట్ట నా ముందే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను "సెక్షన్ నాలుగు!" అని తలుపు దాకా పరిగెత్తాను. మేనేజర్ వెనకనుంచి, "పోనీలే, సాక్సులేగా," అన్నాడు. అందరూ నవ్వారు. మీరు మర్చిపోతారేమో. నేను మర్చిపోను.

ఇక రెండో అవమానం, నా పెళ్ళిలో.

మాది బాపట్ల. మా ఆయన కిరణ్‌వాళ్ళది నల్గొండ. మా ఇంట్లో ఆడపిల్ల పెళ్ళంటే ముందు పూలజడ, తర్వాతే పెళ్ళికొడుకు. జడ బాధ్యత మగపెళ్ళివారు తీసుకుంటామన్నారు. ముహూర్తానికి ముందు మా అత్తగారు స్వయంగా పెట్టె తెచ్చి మూత తీశారు. లోపల తళతళలాడుతూ ప్లాస్టిక్ పూలజడ! వాసన చూస్తే కొత్త షవర్ కర్టెన్ వాసన. మా పెద్దమ్మ మూర్ఛపోవడానికి కుర్చీ వెతుక్కుంది. నేను ఆ జడే వేసుకుని పెళ్ళి చేసుకున్నాను. తర్వాత దాన్ని పారేశానా? సాక్ష్యాన్ని ఎవరైనా పారేస్తారా? సూట్‌కేసులో మడతపెట్టి, నంబర్ తాళం వేసి, అమెరికా తెచ్చుకున్నాను.

ఆరిజోనాలో, చాండ్లర్‌లో మా కాపురం. ఎండలు ఎట్లా ఉంటాయంటే వేసవిలో కారు స్టీరింగు మీద అట్టు పోసుకోవచ్చు. అలాంటి చోట నేను మల్లెలు పెంచాను. ఇంటి పక్కన సన్నటి సందు ఉంది. ముందు ఇనుప గేటు, వెనక గోడ, మధ్యలో ఏసీ యూనిట్. మధ్యాహ్నం అక్కడ నీడ పడుతుంది. కుండీలన్నీ అక్కడే. పైన పందిరిగుడ్డ, కింద తడిగోనె. నాకు ఏడో నెల వచ్చేసరికి మొక్కలకి మొగ్గలొచ్చాయి. ఆదివారం సీమంతం. నిజమైన మల్లెమొగ్గలతో నిజమైన పూలజడ వేసుకుని, ఫోటో తీయించుకుని, ఆ ఫోటో ఎవరికి చూపించాలో వారికి చూపించాలని నా ప్రతిజ్ఞ.

ఆ ఎవరో అప్పటికే ఊళ్ళోకి వచ్చారు. సీమంతానికీ పురిటికీ అని అత్తయ్య వచ్చిన మొదటి సాయంత్రం, భోజనాల దగ్గర నేను ఆ ప్లాస్టిక్ జడ తెచ్చి పప్పుగిన్నె పక్కన పెట్టాను. ఏమీ అనలేదు. ఊరికే పెట్టాను. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు, చెయ్యి కడుక్కున్నారు. రెండు వీధుల అవతల ఉండే మా మరిది చరణ్ ఇంటికి వెళ్ళిపోయారు. "పిలువంది ఆ ఇంటికి రాను," అన్నారట.

"నువ్వే పోయి బొట్టు పెట్టి పిలువు, హారికా," అని కిరణ్ రోజూ బతిమాలేవాడు. "అమ్మ లేకుంట సీమంతం ఏంది?"

"ముందు ప్లాస్టిక్ సంగతి ఒప్పుకోమనండి."

"ఎప్పటి ముచ్చటే అది?"

"మన పెళ్ళినాటిది. మీరే మర్చిపోయారు."

ఇలా ఉండగా, సీమంతం వారంలో నా మొగ్గలు మాయం కావడం మొదలైంది. సాయంత్రం చూస్తే ముత్యాల్లా ఉండేవి. పొద్దున లేచి చూస్తే కొమ్మలు బోసినోళ్ళలా నవ్వేవి. పిట్టలన్నాడు కిరణ్. కుందేళ్ళన్నాడు చరణ్ ఫోన్‌లో. అదే ఫోన్‌లో, "వదినా, మా ఇంట్ల పెరుగు గూడ పూల వాసనొస్తుంది, కంపెనీ మార్చాలె," అన్నాడు. "డబ్బాకి మూత పెట్టుకో చరణ్," అని సలహా ఇచ్చాను. చూశారా, దర్యాప్తు అధికారి ముక్కు కిందనుంచి సాక్ష్యం ఎలా వెళ్ళిపోతుందో!

శుక్రవారం తెల్లవారుజామున వంటింటి కిటికీ దగ్గర మాటు వేశాను. వెలుతురు ఇంకా పలచగా ఉంది. గేటు చప్పుడు కాకుండా తెరుచుకుంది. ఒక ఆకారం లోపలికి వచ్చింది. తలకి మంకీ క్యాప్, ఒంటికి మోకాళ్ళు దాటిన స్వెట్టర్, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. వంగి, ఒక్కో మొగ్గా తీరిగ్గా కోస్తోంది.

నా ఒంట్లో పాడ్రిక్ ప్రవేశించాడు. మొగ్గ కోయడం దొంగతనం. గేటు తీసుకుని రావడం అక్రమ ప్రవేశం. అదిగో, చిన్న కొమ్మ విరిగింది, ఆస్తి నష్టం! పదేళ్ళకు తక్కువ పడదు. ఏడో నెల కడుపుతో దొంగ మీదికి దూకలేను కాబట్టి బుర్ర వాడాను. సూట్‌కేసు నంబర్ తాళం తీసుకుని, ముందు తలుపులోంచి చుట్టూ తిరిగి వెళ్ళి, గేటు గడియకి తగిలించి టక్కుమని నొక్కాను.

ఆకారం ఉలిక్కిపడి ఏసీ యూనిట్ వెనక దాక్కుంది.

"సెక్షన్ నాలుగు కింద మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను," అని ఇంగ్లీషులో, గేటు మీదుగా ప్రకటించాను. "మీరు ఏమీ చెప్పక్కర్లేదు. చెబితే మాత్రం రాసుకుంటాను."

మౌనం.

"పేరూ అడ్రసూ చెప్పండి." ఇది అడిగే అధికారం నాకు లేదు, గార్డాకే ఉంది. అయినా అంతదూరం వచ్చాక అడగకుండా ఎలా ఉంటాం?

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అచ్చం అలా.

లోపలికొచ్చి పోలీసులకు ఫోన్ చేశాను.

"ఏం పోయింది మ్యామ్?"

"మల్లెమొగ్గలు."

"దొంగ దగ్గర ఆయుధం ఏమైనా ఉందా?"

"ప్లాస్టిక్ సంచీ ఉంది."

"మీరు ప్రమాదంలో ఉన్నారా?"

"నేను లేను. దొంగే ఉన్నాడు. గర్భవతిని, ఒంటరిగా పట్టుకున్నాను." గర్భవతి అన్న మాటకి అటువైపు గొంతు మారింది. మనిషిని పంపిస్తున్నామన్నారు.

అప్పుడు మా ఆయన్ని లేపాను.

"ఏమైందే? నొప్పులా?"

"కాదు. దొంగ. పట్టేశా."

"ఎక్కడ?"

"సందులో. తాళం వేశా."

"లోపల ఉన్నడా?"

"ఉంటేనే కదండీ తాళం వేసేది!"

ఆయన ఒక చెప్పు నాది, ఒక చెప్పు తనది వేసుకుని బయటకు వచ్చేసరికి పోలీసు కారు వచ్చి ఆగింది. దిగిన ఆఫీసర్ మా గేటు కంటే ఎత్తున్నాడు. నేను సంగతంతా పాడ్రిక్ నేర్పిన వరసలో చెబుతుండగా చరణ్ ఫోన్. స్పీకర్‌లో పెట్టాను.

"వదినా, అమ్మ మీ దిక్కు వచ్చిందా?"

"మా ఇంటికెందుకొస్తారు చరణ్? పిలవనిదే రానన్నారుగా."

"వాకింగ్‌కని పోయి ఇంక రాలే. ఫోన్ చేద్దామంటే పూజయ్యేదాంక నోరు తెరువదు గదా, తెలుసు గద నీకు."

"నేను చేస్త ఉండు," అని కిరణ్ వాళ్ళమ్మ నంబరు నొక్కాడు.

ఏసీ యూనిట్ వెనకనుంచి గుడిగంటలు మోగాయి.

ఆఫీసర్ నావైపు చూశాడు. నేను కిరణ్‌వైపు చూశాను. కిరణ్ ఫోన్ ఆపాడు. గంటలు ఆగాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోగాయి.

"అమ్మా?" అన్నాడు.

మంకీ క్యాప్ మెల్లగా పైకి లేచింది. దాని కింద మా అత్తయ్య కళ్ళు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. ఈశ్వరుడు తెలిసే పట్టకుండా ఊరుకుంటాడని అప్పుడర్థమైంది.

"హారికా, ఆ సందుల తేళ్ళుంటయే!" అని అరిచాడు కిరణ్. ఆరిజోనాలో తేలు సామెతలోంచి ఎప్పుడైనా దిగి రాగలదు. ఇందాక నేను చేసిన ఆ పోలిక తిరిగి నన్నే కుట్టింది. "తాళం తియ్! నంబరెంత?"

"మన పెళ్ళి రోజు!"

ఆయన తాళం చక్రాలు తిప్పాడు. రాలేదు. ఇంకోలా తిప్పాడు. రాలేదు. ఆఫీసర్ జాలిగా చూస్తున్నాడు. "నెల కరెక్టే గదా?" అన్నాడు మా ఆయన నెమ్మదిగా. ఆ మాట ఇవాళ్టికీ నా దగ్గర భద్రంగా ఉంది. ఆయన్ని పక్కకు నెట్టి నేనే తీశాను.

అత్తయ్య గేటు దాకా వచ్చి, గడప దాటకుండా సందులోనే నిలబడ్డారు. సంచీ గుండెకి హత్తుకున్నారు.

"ఈవిడెవరు మ్యామ్?" అన్నాడు ఆఫీసర్.

"మా అత్తగారు."

"మీరు అరెస్టు చేసిందెవరిని?"

"ఆవిడనే."

"ఏ చట్టం కింద?"

"సెక్షన్ నాలుగు."

"ఆరిజోనాదా?"

"ఐర్లండ్‌ది," అన్నాను.

ఆయన నోట్‌బుక్ మూసేశాడు. "మ్యామ్, మీరు చెప్పే చట్టం సముద్రం అవతలది. దొంగ మీ ఇంటి మనిషి. పోయినవి పూలు. ఇక్కడ నాకు నేరంలా కనిపిస్తున్నది ఒకటే. ఒక పెద్దావిడని ఆవిడ ఇష్టం లేకుండా తాళం వేసి ఉంచడం."

పాడ్రిక్ చివరి మాట అప్పుడు వినిపించింది, అన్నేళ్ళు ఆలస్యంగా, ప్రతి అక్షరమూ. "గుర్తుంచుకోండి. మీ అరెస్టు తప్పయితే నేరస్థులు వాళ్ళు కాదు, మీరు. దాన్ని అక్రమ నిర్బంధం అంటారు. దానికి యావజ్జీవం దాకా ఉంది."

కడుపులో పాప ఒక్క తన్ను తన్నింది. పుట్టకముందే సహనిందితురాలైనందుకు కాబోలు. సీమంతం గాజులు, జైలు గాజులు, వీసా, అన్నీ కలిసి కళ్ళముందు తిరిగాయి. కానీ నిజం చెప్పాలంటే, వాటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది వేరే ఉంది. అత్తయ్య స్వెట్టర్ మోచేతికి గోడ సున్నం అంటుకుంది. తేళ్ళ సందులో, గోడకి ఆనుకుని, నా ఇంగ్లీషు ప్రకటనలన్నీ వింటూ కూర్చున్నారావిడ.

"ఆవిడ్ని అడగండి," అన్నాడు ఆఫీసర్ కిరణ్‌తో. "ఆవిడ ఇష్టం లేకుండా ఇక్కడ ఆపారా? ఫిర్యాదు ఇస్తారా?"

కిరణ్ అడిగాడు. అత్తయ్య సంచీ చూపించారు, తర్వాత ఆకాశం చూపించారు.

"మాట్లాడనంటున్నారా? అది ఆవిడ హక్కు."

"హక్కు కాదు సర్, పూజ కాలేదు," అన్నాను. "దీపం పెట్టందే మాట్లాడరు."

ఇంట్లోకి రమ్మనడానికి నాకు మొహం లేదు. పిలవకుండా రావడానికి ఆవిడకి పౌరుషం అడ్డం. ఇక చేసేదేముంది? లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, సందులోకే తెచ్చాను. ఏసీ యూనిట్ మీద పెట్టాను. అత్తయ్య మంకీ క్యాప్ తీశారు. సంచీలోంచి నాలుగు మొగ్గలు తీసి దీపం ముందు ఉంచి కళ్ళు మూసుకున్నారు. ఆఫీసర్ ఎందుకో టోపీ తీసి పట్టుకున్నాడు. ఒక మనిషి నోరు తెరవాలని నేను అంతగా కోరుకోవడమూ, అంతగా భయపడటమూ అదే మొదలు, అదే ఆఖరు.

అత్తయ్య కళ్ళు తెరిచారు.

"కిరణూ, సార్‌కు చెప్పు," అన్నారు. "నన్ను ఎవ్వరు బంధించలె. పెండ్లయినకాడికెళ్ళి మా కోడలు నన్ను పోకుంట ఆపింది ఇయ్యాల్నే. ఇంక జరసేపు ఆపినా ఉంటుంటి."

కిరణ్ ఆ మాటని ఇంగ్లీషులో ఎట్లాగో చెప్పాడు. ఆఫీసర్ టోపీ పెట్టుకుని, "నాకూ ఒక అత్తగారున్నారు," అన్నాడు. అంతకుమించి వివరాలు ఇవ్వలేదు. అత్తయ్య ఆయన చేతిలో రెండు మొగ్గలు పెట్టారు. దొంగసొత్తు అని తెలిసి తీసుకోవడం కూడా నేరమేనని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మనిషి మారాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కారు వెళ్ళిపోయాక నేను కుంకుమభరిణె తెచ్చాను. వంగలేను కాబట్టి ఆవిడే కొంచెం వంగారు. బొట్టు పెట్టాను.

"ఆదివారం సీమంతం అత్తయ్యా. మీరు రావాలి."

"రాకుంటె ఊకుంటవా? మళ్ళ తాళమేస్తివంటే?"

"ఈ మొగ్గలన్నీ ఎందుకు కోశారు? అడిగితే ఇవ్వనా?"

"అడిగితే ఇస్తవు. గని అప్పుడు సీమంతం జడ నేనిచ్చినట్టెట్లయితది? విచ్చుకున్న పువ్వు జడకు పనికిరాదంట. నువ్వేమో చూస్కుంట మురిసిపోవడ్తివి. అందుకే మొగ్గలున్నప్పుడే తెంపి, తడిబట్టల చుట్టి, చరణ్‌గాని ఫ్రిజ్‌ల పెడుతున్న." కాస్త ఆగి, నా వైపు చూడకుండా అన్నారు: "మా ఇంట్ల ఎవ్వరం పూలజడ ఎరుగం బిడ్డా. మీ దిక్కు వేస్తరంటే హైదరాబాద్ పోయి, దుకాణాలన్ని తిరిగి, అన్నిట్లకు ఖరీదైంది తెచ్చిన. పువ్వులైతే మాపటికి వాడిపాయె. ఇదైతే ఎప్పటికి దాచుకుంటదనుకున్న."

నేను దాచుకున్నాను కదా. అదీ విషయం. ఆవిడ అనుకున్నట్టే, అన్ని సముద్రాలూ దాటించి, తాళం వేసి మరీ దాచుకున్నాను. కారణమే వేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపినవాళ్ళను చూశాం. అత్త ప్రేమను సాక్ష్యంగా మూటగట్టినదాన్ని నన్నే చూస్తున్నారు మీరు.

ఆదివారం ఇంకో చిక్కు వచ్చింది. పూలజడ కుట్టాలంటే అడుగున అరటిబెరడు కావాలి. చాండ్లర్‌లో అరటిబెరడు ఎక్కడ దొరుకుతుంది? అత్తయ్యే నా సూట్‌కేసు వైపు చూశారు. ప్లాస్టిక్ జడ బయటికి తీశాం. దాని మీదే, వరసగా, నా మొగ్గలూ ఆవిడ కుట్లూ. ఫోటోలో చూస్తే పైన మల్లెలే కనిపిస్తాయి. లోపల ఏముందో ఆవిడకూ నాకూ తెలుసు. వాసన చూసి మా పెద్దమ్మ వీడియోకాల్‌లోనే... సరే, వీడియోకాల్‌లో వాసన రాదు. కానీ వచ్చినట్టే మొహం పెట్టింది.

కాబట్టి, ఈ వాంగ్మూలం చదువుతున్న మీ అందరి సమక్షంలో, ఐర్లండ్ చట్టాలన్నిటి మీదా, ఆరిజోనా తేళ్ళన్నిటి మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట మంకీ క్యాప్ తీయించి చూడనిదే ఎవరినీ అరెస్టు చేయను. కాళ్ళకు దణ్ణం పెట్టవలసినవాళ్ళయితే ముందు దణ్ణం, తర్వాతే సెక్షన్. పెళ్ళిరోజు తెలియని మొగుడుండగా నంబర్ తాళం జోలికి చచ్చినా పోను. మా అత్తయ్యను మాత్రం, ఆవిడ వీసా గడువు దగ్గరపడినప్పుడల్లా, వెళ్ళనివ్వకుండా ఆపుతూనే ఉంటాను. ఫిర్యాదు లేదని ఆవిడే చెప్పారు.

ఎర్ర చారల సాక్సులవాడికి పై ప్రమాణాలేవీ వర్తించవు.